ఏడాదిపాటు ఊళ్ళోకి రావద్దన్నారు, కేసు మాత్రం ఉండదన్నారు. ఒప్పుకుని తప్పు చేశామా?

పటమట_పిచ్చుక:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది పొన్నూరు వైపు ఒక ఊరు, పేరు చెప్పను, చెప్తే రేపు సాయంత్రానికల్లా రామాలయం అరుగు మీద కూర్చుని ఈ పోస్టు పైకి చదివేస్తారు. నేను బెజవాడలో ఉద్యోగం, పటమటలో చిన్న రూమ్.

విషయం ఏంటంటే మా బాబాయి కొడుకుకీ పక్క చేను ఆయనకీ బోదె దగ్గర గొడవైంది. కాలవ చివరున్న ఊరు మాది, నీళ్ళు వచ్చేదే అంతంతమాత్రం, అదీ రాత్రిళ్ళు వంతులేసుకుని పెట్టుకోవాలి. మా వంతులో ఆయన బోదెకి అడ్డం వేసి తన చేలోకి తిప్పుకున్నాడని మావాడు, మీ వంతు ఎప్పుడో అయిపోయిందని ఆయన, మాటా మాటా పెరిగింది, మావాడు తోసేశాడు, ఆయన పోయి తూము గట్టు మీద పడ్డాడు, ముంజేయి విరిగింది. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి రాడ్డు వేయించారు. ఆయనకి యాభై దాటాయి, మావాడికి 24. తప్పు మావాడిదే, నేనేం సమర్థించట్లా.

పెద్దమనుషులు కూర్చున్నారు. ఆస్పత్రి ఖర్చంతా మేం పెట్టుకోవాలి, మావాడు ఏడాదిపాటు ఊళ్ళో అడుగు పెట్టకూడదు, వాళ్ళు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళరు. తెల్లకాగితం మీద రాసి ఇటు నాన్న, బాబాయి, అటు ఆయన, ఆయన బావమరిది, మధ్యలో నలుగురు పెద్దలు సంతకాలు పెట్టారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మా నాన్న కూడా "జైలుకెళ్ళేకన్నా నయం కదరా, మీ రూమ్‌లో పడుంటాడు" అన్నాడు.

ఇప్పటికి ఐదు వారాలైంది. మొదటి వారం వాడికి పిక్నిక్ లాగా ఉంది, బీసెంట్ రోడ్డు, బ్యారేజీ, సినిమాలు. తర్వాత మొదలైంది. రాత్రి పదకొండింటికి లేచి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి "నీళ్ళొచ్చినయ్యా" అని అడుగుతాడు. బాబాయికి మోకాళ్ళ నొప్పులు, గట్టు మీద నడవలేడు. ఇదంతా ఒక ఎత్తు, పోయిన వారం మా నాయనమ్మ పోయింది. వాణ్ణి పెంచిందే ఆవిడ. ఒక్కరోజు రానివ్వండి అని నాన్న అడిగితే ఒక పెద్దాయన "ఇవాళ చావుకి వదిలితే రేపు పెళ్ళికి అంటారు, మాటంటే మాటే" అన్నాడంట. వాడు పక్క ఊరు దాకా వచ్చి కాలవగట్టు మీద బండి ఆపుకుని వీడియో కాల్‌లో చూశాడు. ఫోన్ పట్టుకుంది నేనే.

అడిగేది రెండు. ఒకటి, లీగల్‌గా ఇది చెల్లుతుందా. రెండు, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది, పాతకాలంలో ఊళ్ళు, రాజ్యాలు మనుషుల్ని ఇలా బయటికి పంపేసేవి కదా, దానివల్ల గొడవలు చల్లారేవా లేక వాయిదా పడేవా?


బందరు_లడ్డూ:

బ్రో నీ పోస్టులో అసలు శిక్ష పడింది నీకు. ఒక్కడి రూమ్‌లో ఇద్దరు, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు?


కోర్టు_మెట్లు:

నేను గుంటూరులో ప్రాక్టీస్ చేస్తా, జూనియర్‌నే, కాబట్టి ఇది సలహాగా కాకుండా తెలిసిన విషయంగా తీసుకోండి.

ముందు చిన్న మాట. చెల్లదు.

ఇప్పుడు పెద్ద మాట. ఒక మనిషిని ఫలానా చోట ఉండొద్దు అనే అధికారం మన దేశంలో అరుగు మీద కూర్చున్న వాళ్ళకి లేదు. ఎక్కడైనా తిరిగే హక్కు, ఎక్కడైనా నివాసం ఉండే హక్కు రాజ్యాంగం 19వ ఆర్టికల్‌లోనే ఉన్నాయి, వాటిని తగ్గించాలంటే ఒక చట్టం, ఆ చట్టం కింద ఒక అధికారి, ఆయన రాసిన ఆర్డరు, దాని మీద అప్పీలు, ఇవన్నీ ఉండాలి. నగర బహిష్కరణ అని పేపర్లో చూస్తుంటారు కదా, బెజవాడలో రౌడీషీటర్ల మీద వేసేది, అది అలాంటిదే. 2018లో హైదరాబాద్‌లో ఇద్దరు పేరున్న వ్యక్తుల్ని ఆరేసి నెలలు సిటీలో ఉండొద్దని పంపేశారు, అది కూడా 1980 నాటి ఒక చట్టం పట్టుకునే చేశారు. అది మంచిదా చెడ్డదా వేరే సంగతి, కనీసం కోర్టులో అడగడానికి ఒక కాగితం ఉంటది.

మీ కాగితం సంగతి చూద్దాం. ఎముక విరిగింది అంటే అది మామూలు దెబ్బ కాదు, చట్టం దృష్టిలో తీవ్రమైన గాయం, కొత్త న్యాయ సంహితలో 117వ సెక్షన్, ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరం. ఏడాది లోపు శిక్ష పడే చిన్న కేసులకైతే ఏడాదిలోపు కదలాలి అనే గడువు ఉంటది, దీనికి అలాంటి గడువు లేదు. అర్థమైందా? మీవాడు ఏడాదంతా బుద్ధిగా మీ రూమ్‌లో కూర్చుని తిరిగెళ్ళిన మర్నాడు కూడా ఆయన కేసు పెట్టొచ్చు. ఇంత ఆలస్యం ఎందుకైంది అని పోలీసులు, కోర్టు అడుగుతారు, కేసు బలహీనపడొచ్చు, కానీ దారి మూసుకుపోదు. కేసు పెట్టకుండా ఉండటానికి ఇదీ బేరం అని రాసుకున్న కాగితం కోర్టులో నిలవదు, పైగా అందులో "మావాడు తోసినందువల్ల" అని రాసుంటే అదే మీ మీదకి తిరగొచ్చు.

ఈ నేరంలో రాజీ కుదరదు అని కాదు. కుదురుతుంది, కాకపోతే కోర్టు అనుమతితో కుదురుతుంది, లోక్ అదాలత్‌లో ఇలాంటివి బోలెడు తేలిపోతుంటాయి. అలా తేలితే అక్కడితో చచ్చిపోద్ది, మళ్ళీ లేవదు. మీరు చేసుకున్నది చచ్చిపోలేదు, నిద్రపోతోంది.


పటమట_పిచ్చుక:

సార్ "మావాడు తోసినందువల్ల" అనే రాశారు. అది రాసింది మా నాన్నే, చేతిరాత బాగుంటదని ఆయన చేత రాయించారు.


కారెంపూడి_కుర్రోడు:

అన్నా నీ రెండో ప్రశ్నకి మా ఊరే ఆన్సర్. మాది పల్నాడు, ఈ కథ ఉగ్గుపాలతో తాగాం.

కోడిపందెంలో ఓడిపోయినోళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలి, అదీ ఒప్పందం. మాచర్ల వైపు మలిదేవుడు, బ్రహ్మనాయుడు ఓడిపోయారు. ఇక్కడ ఒకటి గమనించు, వాళ్ళు ఎదురు తిరగలా, మోసం చేశారు అని తెలిసినా తట్టాబుట్టా సర్దుకుని మండాదికి పోయారు. అంటే పంపేటప్పుడు గొడవ లేదు. పోయినోళ్ళు పోయారు, ఉన్నోళ్ళు ఉన్నారు, ఆ ఏడేళ్ళు పెద్ద యుద్ధమైతే రాలా. అప్పుడు ఎవరినైనా అడిగితే భలే తీర్పు అనుండేవాళ్ళు.

గడువు అయిపోయాక మా భాగం మాకివ్వండి అని అడగటానికి అలరాజుని రాయబారం పంపారు. అలరాజు ఎవరనుకుంటున్నావ్, గురజాలలో ఉన్న నలగామరాజుకి సొంత అల్లుడు. అల్లుడొస్తే ఏం చేస్తారులే అనుకునుంటారు. విషం పెట్టి చంపారు. దాంతో నాగులేరు ఒడ్డున యుద్ధం, బాలచంద్రుడు లాంటి వీరులు ఎంతోమంది పోయారు. 12వ శతాబ్దం సంగతి, ఇప్పటికీ మా ఊళ్ళో కార్తీక అమావాస్యకి ఐదు రోజులు వీరుల ఉత్సవం చేస్తారు, అందులో రాయబారానికి ఒక రోజు, కోడిపోరుకి ఒక రోజు పేరు పెట్టి మరీ చేస్తారు. అసలు వలస పోయిన ఏడేళ్ళ సంగతి నేను చిన్నప్పుడు మా తాతని అడిగితే "ఏముందిరా చెప్పడానికి, ఎదురుచూశారు" అన్నాడు.

భారతం కూడా అంతే కదా. పన్నెండేళ్ళు అడవి, ఒక ఏడు అజ్ఞాతవాసం, అదంతా బానే గడిచింది, తిరిగొచ్చి ఐదూళ్ళు చాలు అంటే అవీ ఇవ్వనన్నాడు. నేను చెప్పేది ఏంటంటే పంపడం ఈజీ. మీవాడు తిరిగొచ్చే రోజు ఊరి పొలిమేరలో ఎవరు నిలబడతారు, ఆయన బావమరిది నిలబడి ఇంకో ఆరు నెలలు ఆగు అంటే అప్పుడేంటి, అది మీ కాగితంలో ఉందా? చూడు ఒకసారి.

ఇంకోటి, కొత్త సంగతులు కూడా మా దగ్గర ఉన్నాయి. ఎలక్షన్ రిజల్ట్ వచ్చిన రాత్రి ఇళ్ళకి తాళాలేసి గుంటూరు, పిడుగురాళ్ళ పోయి అద్దెకున్న కుటుంబాల్ని మా వైపు చూశా. వాళ్ళకి ఏ పెద్దమనిషీ గడువు చెప్పలా. మళ్ళీ ఎలక్షనే వాళ్ళ గడువు. వీళ్ళొస్తే వాళ్ళు పోతారు. పార్టీ పేర్లు అడక్కండి, ఏదైనా ఒకటే.


చిల్లపెంకు:

నేను స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి, రిటైరయ్యాను, గుంటూరు బ్రాడీపేట. నా పేరు చూసి నవ్వకండి, కావాలనే పెట్టుకున్నా, ఇవాళ దానికి పని దొరికింది.

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్ నగరంలో ఏడాదికోసారి జనాన్ని అడిగేవాళ్ళు, ఈ ఏడు ఎవరినైనా పంపేయాలా అని. అవును అంటే రెండు నెలల తర్వాత ఓటింగ్. పగిలిన కుండల చిల్లపెంకులు ఉంటాయి కదా, వాటి మీద మేకుతోనో దేంతోనో ఒక పేరు గీకి వేసేవాళ్ళు. కాగితం ఖరీదు, చిల్లపెంకు ఉచితం. మొత్తం 6,000 పెంకులు పడితేనే లెక్క. ఎక్కువ వచ్చినవాడు పది రోజుల్లో ఊరొదలాలి, పదేళ్ళు రాకూడదు. నేరం ఏంటో చెప్పరు, వాదించుకునే అవకాశం ఇవ్వరు. వినడానికి ఘోరంగా ఉంది కదా.

ఇప్పుడు రెండో వైపు వినండి. పోయినవాడి ఇల్లు వాడిదే, పొలం వాడిదే, దాని మీద వచ్చే ఆదాయం వాడికి పంపొచ్చు, పౌరసత్వం పోదు, భార్యాపిల్లల జోలికి వెళ్ళరు. పదేళ్ళు అయ్యాక వచ్చి మామూలుగా బతకొచ్చు, పాత పరువుతో సహా. దాన్ని వాళ్ళు శిక్ష అనుకోలేదు. ఇద్దరు మొనగాళ్ళు ఊళ్ళో ఉంటే రెండు గ్రూపులై కొట్టుకు చస్తారు, ఒకణ్ణి కొన్నాళ్ళు దూరంగా ఉంచితే చల్లబడతారు, అంతే లెక్క. అంతకుముందు ఏం జరిగేదంటే గెలిచిన గ్రూపు ఓడిన గ్రూపుని మొత్తంగా తరిమేసి ఆస్తులు లాక్కునేది. దానితో పోలిస్తే ఒక్కణ్ణి, గడువు పెట్టి, ఆస్తి ముట్టకుండా పంపడం మెరుగే.

అరిస్టైడిస్ అని ఒకాయన ఉండేవాడు, న్యాయంగా ఉంటాడని పేరు. ఆయన మీద ఓటింగ్ జరిగే రోజు చదువురాని పల్లెటూరి మనిషి ఒకడు ఆయన ఎవరో తెలియక ఆయన దగ్గరికే పెంకు తెచ్చి "అరిస్టైడిస్ అని రాసిపెట్టు" అన్నాడట. ఆయన నీకేం అన్యాయం చేశాడయ్యా అంటే "ఏం చెయ్యలా, అస్తమానం న్యాయవంతుడు న్యాయవంతుడు అని వినలేక చస్తున్నా" అన్నాడట. ఈయన మాట్లాడకుండా రాసిచ్చాడు. ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత చెప్పిన కథ, ఎంతవరకు నిజమో గానీ పంచాయితీలు చూసినవాడికి అబద్ధం అనిపించదు. చిత్రం ఏంటంటే రెండేళ్ళు తిరక్కుండానే పర్షియా వాళ్ళు దండెత్తి వస్తే గడువు తీరకపోయినా ఆయన్ని వెనక్కి పిలిచారు.

ఆ పద్ధతి కూడా చెడిపోయింది లెండి. పద్నాలుగు మంది చేతిరాతల్లోనే ఒకే పేరు రాసిన పెంకులు నూట తొంభై దాకా ఒకే బావిలో తవ్వకాల్లో దొరికాయి, థెమిస్టోక్లిస్ అనే ఆయన పేరు మీద. అంటే ఎవరో ముందే రాయించి పంచడానికి రెడీ చేశారు. మన దగ్గర ఓటరు స్లిప్పులు పంచే బ్యాచ్ గుర్తొచ్చింది నాకు. ఆఖరికి, పంపేయాల్సిన ఇద్దరు పెద్ద నాయకులు చేతులు కలిపేసి మూడోవాణ్ణి ఎవడినో పంపించేశారు, దాంతో జనానికి విసుగొచ్చి ఆ పద్ధతే ఆగిపోయింది.

పిచ్చుక గారూ, మీ పెద్దమనుషుల తీర్పులో ఏథెన్స్ పోలిక కొంత ఉంది, గడువు ఉంది, పొలం ముట్టలేదు. కానీ నాయనమ్మ చావుకి రానివ్వకపోవడం చూశాక అది చల్లబరచడం అని నేను అనలేను.


తెనాలి_వైపు:

అందరూ కథలు బాగా చెప్తున్నారు. నాకు ఒక మాట నచ్చలేదు, అది చెప్పి పోతా.

మీ తమ్ముణ్ణి ఎవరూ వెలెయ్యలేదు. చెయ్యి విరగ్గొట్టాడు, ఊరొదిలి మీ రూమ్‌కి వచ్చాడు, బీసెంట్ రోడ్డు తిరిగాడు. వెలి అంటే మనిషి ఊళ్ళోనే ఉంటాడు, ఊరు మాత్రం ఉండదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ వాళ్ళ ఊళ్ళో మా పేట మొత్తాన్ని వెలేశారు. కారణం ఏంటో చెప్తే నవ్వుతారు, మా మామయ్య ఒకాయన ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కొట్లో ఉప్పు ఇవ్వలా. పొలం పనికి పిలవలా. ఆటో ఎక్కించుకోలా. మాకు ఒక గేదె ఉండేది, పాల కేంద్రంలో మా పాలు పోయించుకోలా, గేదెకి తెలియదు కదా వెలి అని, అది రెండు పూటలా ఇస్తూనే ఉండేది. మా అమ్మమ్మ నాలుగు రోజులు ఆ పాలు మురుక్కాలవలో పోసింది, ఐదో రోజు ఇంక చూళ్ళేక దూడకే వదిలేసింది. మా మీద చెయ్యి ఎవరూ వెయ్యలేదు. కేసు పెట్టడానికి ఒంటి మీద గీత లేదు.

చుండూరు మాకు ఎంతో దూరం కాదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు, అందరికీ ఆ తేదీయే గుర్తు. దానికి ముందు నెలంతా ఏం నడిచిందో ఎంతమందికి తెలుసు? సినిమా హాల్లో గొడవతో మొదలై సాంఘిక బహిష్కరణ, పనులు బంద్. ముందు పని ఆపారు, తర్వాత చంపారు. బతికినవాళ్ళు ఊరొదిలి తెనాలి వచ్చి ఉన్నారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరి శిక్షలూ కొట్టేసింది. ఎవరు ఊరొదిలారు, ఎవరు ఊళ్ళో ఉన్నారు, మీరే చూసుకోండి.

పంతులుగారూ, ఏథెన్స్‌లో ఆ పెంకు మీద పేరు రాసే హక్కు ఆడవాళ్ళకి, బానిసలకి ఉందా? నాకైతే అడగాలనిపించింది.


చిల్లపెంకు:

లేదమ్మా. ఇద్దరికీ లేదు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ఆ ప్రశ్న ఒక్క పిల్లా అడగలేదు, నేనూ చెప్పలేదు.


కోర్టు_మెట్లు:

తెనాలి అక్కా, ఒక సమాచారం. 2015లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చెయ్యడం, చేస్తామని బెదిరించడం రెండూ నేరాలుగా స్పష్టంగా రాశారు. ఒంటి మీద గీత అక్కర్లేదు, ఉప్పు ఇవ్వకపోతే చాలు. మీ చిన్నప్పుడు ఇంత స్పష్టంగా లేదు.

కులం లోపల వేసుకునే వెలికి, అంటే సొంత కుల పెద్దలే ఒక కుటుంబాన్ని పెళ్ళికి పిలవొద్దు, శవాన్ని మొయ్యొద్దు అనేదానికి మహారాష్ట్ర 2016లో విడిగా చట్టం చేసింది, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. దీని వెనక చరిత్ర ఉంది, 1949లోనే బొంబాయి రాష్ట్రం వెలిని నిషేధిస్తూ చట్టం చేస్తే బోహ్రా ముస్లింల మతపెద్ద కోర్టుకెళ్ళారు, మత క్రమశిక్షణ కోసం వెలివేయడం మా హక్కు అని. 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. ఆ తీర్పు సరైందేనా అన్న ప్రశ్న 2023లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనానికి పంపించారు. 1949లో మొదలైన వాదన ఇది, మీ బోదె గొడవ నయం.


అరుగు_మీద_తాత:

బాబూ నేను చుట్టుపక్కల నాలుగైదు పంచాయితీల్లో కూర్చున్నవాణ్ణి. మీరంతా పెద్దమనుషుల్ని విలన్లుగా చూస్తున్నారు గనక నా మాట కూడా వినండి.

కేసు పెడితే ఏమయ్యేది? ఎఫ్ఐఆరు, అరెస్టు, బెయిలు, తర్వాత వాయిదాలు. ఎన్నేళ్ళు? ఆ ఏళ్ళంతా రెండు కుటుంబాలూ అదే బోదె దగ్గర రోజూ ఎదురుపడాలి. కుర్రవాడికి కేసు ఉందంటే పాస్‌పోర్టు కష్టం, ఉద్యోగం కష్టం, పిల్లనిచ్చేవాడు ఉండడు. దెబ్బ తిన్నాయనకి చెయ్యి కట్టుతో ఉంది, వీధిలో రోజూ ఆ కుర్రాణ్ణి చూస్తే ఆయన కొడుకులు ఊరుకుంటారా? ఒక ఏడాది కళ్ళకి కనపడకపోతే రక్తం చల్లబడుతుంది. ఇది శిక్ష కాదు, మందు. మేం రాసిన మందు చేదు అయ్యుండొచ్చు.

చావుకి రానివ్వకపోవడం మాత్రం తప్పు. నేనుంటే రానిచ్చేవాణ్ణి. పాడె ముందు పగ ఉండకూడదు, అది మా పెద్దలు చెప్పిన మాట.

ఇంకో సంగతి, ఊరొదలడం ఎప్పుడూ ఓడినవాళ్ళే చెయ్యరు. చీరాల పేరాల తెలుసా మీకు? అప్పట్లో అది గుంటూరు జిల్లానే. మున్సిపాలిటీ చేసి 4,000 ఉన్న పన్నుని 40,000 చేశారని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద 1921లో జనం ఇళ్ళకి తాళాలేసి ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. ఊరే సర్కారుని వెలేసింది. మా నాయన చెప్తుంటే విన్నా, ఎండకీ వానకీ ఆ పాకల్లో చిన్నపిల్లలతో పడ్డ పాట్లు.


తెనాలి_వైపు:

తాతగారూ మందు అన్నారు బాగుంది. ఆ మందు ఎప్పుడైనా పొలం ఎక్కువున్నవాడికి రాశారా? ఇదే గొడవలో తోసింది ఆ పెద్దాయన, చెయ్యి విరిగింది ఈ కుర్రాడిది అయితే ఆయన్ని ఏడాది ఊరొదలమనేవాళ్ళా, లేక ఖర్చులిప్పించి సరిపెట్టేవాళ్ళా?


అరుగు_మీద_తాత:

ఖర్చులిప్పించి సరిపెట్టేవాళ్ళం. అబద్ధం చెప్పను.


బందరు_లడ్డూ:

తాత నాకు నచ్చాడు.


కారెంపూడి_కుర్రోడు:

పిచ్చుకన్నా ఎక్కడున్నావ్, కాగితం చూశావా, తిరిగొచ్చే సంగతి ఏమైనా రాశారా


పటమట_పిచ్చుక:

సారీ అందరికీ, నాయనమ్మ పెద్దకర్మకి ఊరెళ్ళొచ్చా, పది రోజులు ఇటు చూడలేదు. జరిగింది చెప్తా.

తెనాలి అక్కా, నేను పోస్టులో వెలి అనే మాట వాడలేదు గానీ మనసులో అదే అనుకున్నా, ఇంట్లో మా పిన్ని కూడా "నా కొడుకుని వెలేశారు" అనే ఏడుస్తోంది. మీ గేదె సంగతి చదివాక ఆ మాట నేను అనలేను. మా పిన్నిని కొట్లో అప్పు కూడా అడిగి మరీ ఇస్తున్నారు. మా పొలం ఐదెకరాలు, ఆయనది పధ్నాలుగు, తాతగారికి మీరేసిన ప్రశ్న నేను నాన్నని అడిగా, ఆయనేం మాట్లాడలా, లేచి చేతులు కడుక్కున్నాడు.

కాగితం చూశా. "ఒక సంవత్సరం పాటు గ్రామములో నివసించరాదు" అని ఉంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని లేదు. తిరిగొస్తే ఎవరు పూచీ అని లేదు. అసలు "నివసించరాదు" అంటే చావుకి ఒక పూట రావడం నివసించడం కాదు కదా, ఆ మాట పట్టుకుని నేనే వెళ్ళి మాట్లాడా. మాటంటే మాటే అన్న పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి "రాసింది మీ నాన్నే కదా" అన్నాడు. అయినా పెద్దకర్మ రోజుకి ఒప్పుకున్నాడు. వాడు పొద్దున ఏడింటికి వచ్చి సాయంత్రం నాలుగింటికి వెళ్ళిపోయాడు. చెయ్యి విరిగినాయన భోజనానికి రాలేదు, ఆయన భార్య వచ్చింది, తిన్నది, మావాడి వంక చూడలేదు.

కోర్టు సార్ చెప్పిన లోక్ అదాలత్ మాట కూడా ఎత్తా. పోలీస్ స్టేషన్ అనే మాట వినపడగానే అందరూ నా మీద లేచారు, బెజవాడలో చదువుకుని ఊరి మధ్య చిచ్చు పెడుతున్నానని. ఆయన బావమరిది మాత్రం బయటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి "ఆ లాయరు నంబరు ఉందా" అన్నాడు. ఎందుకడిగాడో నాకర్థం కాలా. మంచిక్కూడా అయ్యుండొచ్చు. సార్ మీకు మెసేజ్ పెట్టా, చూడండి.

ఇప్పుడు అసలు తలనొప్పి ఏంటంటే మావాడు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద ఒక్క మాట మాట్లాడలా, వారధి దాటాక "నేను ఇంక రాను లేరా" అన్నాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో హెల్పర్‌గా చేరాడు, వారం అయింది, వెల్డింగ్ నేర్పిస్తామన్నారంట. ఏడాది అయ్యాక ఊరొచ్చి ఆ బోదె దగ్గర ఆయన మొహం చూస్తూ నీళ్ళు పెట్టుకోవడం నా వల్ల కాదు అంటున్నాడు. కారెంపూడి తమ్ముడూ, నువ్వు తిరిగొచ్చేటప్పుడు గొడవ అన్నావు, తిరిగి రానంటే ఏం చెయ్యాలో మీ తాతనడిగి చెప్పు. బాబాయికి ఇంకా చెప్పలేదు. ఆయన మినుములు చల్లడానికి వీణ్ణి లెక్కేసుకుని కూర్చున్నాడు.

కానీ నిన్న రాత్రి పదకొండింటికి మాత్రం ఫోన్ చేశాడు. "నీళ్ళొచ్చినయ్యా" అనే.

లడ్డూ, కరెంటు బిల్లు ఈ నెల నుంచి సగం వాడే కడతానన్నాడు.